గ్రాండ్ ప్యాలెస్ ఈ పూట మూసేశారన్న మాట నమ్మి

బ్యాంకాక్‌లో మేము ఉన్నది నాలుగు రోజులు, మోసపోయింది మొదటి రోజు ఉదయమే. 2023 చివర్లో వీసా లేకుండా వెళ్లే వీలు కలిగాక ఆ ఊరికి మనవాళ్ల రాకపోకలు బాగా పెరిగాయి కనుక, మాకు ఏ గుమ్మం దగ్గర ఏ మాట చెప్పారో, మేము ఎందుకు నమ్మామో దాచకుండా రాస్తున్నాను.

ముందు బస సంగతి. మన బృందాలు చాలావరకు భారతీయ భోజనశాలలు, బట్టల హోల్‌సేల్ బజారు ఉన్న ప్రాతునామ్‌లో దిగుతాయి. మాకు గుడులు చూడటమే ముఖ్యం కనుక పాతనగరంలో, సనామ్ చాయ్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చిన్న హోటల్ తీసుకున్నాము. గది ఇరుకుగా ఉన్నా పరిశుభ్రంగా ఉంది, నది దగ్గరే. శాకాహారం కోసం మాత్రం పహురాత్ వరకు వెళ్లవలసి వచ్చేది. అక్కడి గురుద్వారా పక్క సందుల్లో రొట్టె, పప్పు, పెరుగు దొరుకుతాయి. మళ్లీ వెళ్లినా పాతనగరంలోనే దిగుతాము.

ఆ ఉదయం పది గంటలకు గ్రాండ్ ప్యాలెస్ ప్రహరీ వెంట నడుస్తుండగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని మెడలో గుర్తింపు కార్డు వేలాడదీసుకున్న ఒక పెద్దమనిషి నమస్కరించి పలకరించాడు. లోపల భిక్షువుల పూజ జరుగుతోందని, ఒంటిగంట దాకా విదేశీయులను రానివ్వరని చెప్పి, మా చేతిలోని పటం తీసుకుని పెన్నుతో మూడు చోట్ల సున్నాలు చుట్టాడు. ఈలోగా ఇవి చూసి రండి, టక్‌టక్ (అక్కడి ఆటో) ఇరవై బాట్లకే తిప్పుతుంది అంటూ తానే బండిని పిలిచాడు. ఇరవై బాట్లంటే మన డబ్బులో యాభై రూపాయల చిల్లర.

మొదటి మజిలీ ఇంతరావిహాన్ ఆలయం. అక్కడి 32 మీటర్ల ఎత్తున నిలబడిన బుద్ధ విగ్రహం నిజంగానే చూడదగినది, దాని గురించి ఆ మనిషి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. రెండో గుడిలో ఎవరూ లేరు, అరుగు మీద కూర్చున్న ఒక్కాయన తప్ప. తాను ఉపాధ్యాయుడినని చెప్పుకుని, మా ఊరూ పేరూ అడిగి, మాటల మధ్యలో, రత్నాలను పన్ను లేకుండా అమ్మే ప్రభుత్వ మేళాకు ఈ రోజే ఆఖరని, తాను నిన్ననే కొన్నానని అన్నాడు. మేము అడగలేదు, ఆయన కొనమనీ అనలేదు. బయటికి రాగానే డ్రైవరు మూడో మజిలీ అదేనన్నాడు. ప్రహరీ దగ్గరి మనిషి, గుడిలోని మనిషి, బండివాడు, ముగ్గురూ ఒకరికొకరు ఏమీ కానివాళ్లలా కనిపిస్తూ ఒకే సంగతి చెప్పారు. అదే మమ్మల్ని నమ్మించింది.

దుకాణం పేరులో ఎక్స్‌పోర్ట్ అన్న మాట, గోడ మీద రాజుగారి పటం ఉండటంతో అది సర్కారుదే అనుకున్నాము. ఆ దేశంలో రాజుగారి పటం లేని దుకాణం అరుదని తర్వాతి రోజుల్లో గమనించాను. అమ్మకందారు తెల్ల కాగితం పొట్లం విప్పి, పట్టకారుతో ఒక నీలం రాయిని పట్టుకుని దీపం కింద తిప్పుతూ, హైదరాబాదులో రెట్టింపు ధర పలుకుతుందన్నది. నా భార్య నెమ్మదిగా, "ఏమండీ, మా తమ్ముడికి ఏలినాటి శని నడుస్తోంది కదా, సిద్ధాంతిగారు నీలం పెట్టించుకోమన్నారు" అన్నది. పద్దెనిమిది వేల బాట్లు కార్డు మీద చెల్లించాను. బయట మా డ్రైవరు చేతికి దుకాణం మనిషి ఒక కూపన్ ఇవ్వడం కళ్లారా చూసి కూడా నాకు అనుమానం రాలేదు. గిరాకీని తెచ్చిన బండికి ఇంధనం కూపన్ ఇస్తారని, ఇరవై బాట్ల కిరాయి గిట్టుబాటయ్యేది దానివల్లనేనని సాయంత్రానికి తెలిసింది.

తెలియజెప్పింది హోటల్ కౌంటరులోని అమ్మాయి. ప్యాలెస్ మూసి ఉందని ఎవరు చెప్పారని అడిగి, బిల్లు చూసి, పర్యాటకుల పోలీసు నంబరు 1155 కు తానే ఫోను చేసింది. ఆ యాత్రలో మాకు అందిన సేవలన్నిటిలో నేను అగ్రస్థానం ఇచ్చేది ఆ అమ్మాయికే. మరునాడు ఇంగ్లీషు తెలిసిన పోలీసు అధికారి దుకాణానికి మా వెంట వచ్చాడు. ఇలాంటి చోట్ల రాయి సాధారణంగా అసలుదే ఉంటుందని, నాసిరకానికి కట్టిన ధరలోనే మోసం ఉంటుందని, అందుకే నకిలీ అని కేసు పెట్టడం కష్టమని దారిలో వివరించాడు. రెండు గంటల వాదన తర్వాత దుకాణం వాళ్లు నూటికి ఇరవై కోసుకుని మిగతాది కార్డుకే తిరిగి వేస్తామని కాగితం రాసిచ్చారు.

మూడో రోజు ఎనిమిదిన్నరకు, గేటు తెరిచే వేళకే, ప్యాలెస్‌కు వెళ్లాము. టికెట్టు 500 బాట్లు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. ప్యాలెస్ ఆవరణలోని మరకత బుద్ధుని ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడల మీద 178 ఘట్టాలుగా రామకియన్, అంటే వారి రామాయణం, చిత్రించి ఉంది. వారు రావణుణ్ణి తోత్సకన్ అంటారు. అది మన దశకంఠుడే అని తెలిసిన తర్వాత నా భార్య ఒక్కొక్క గోడ దగ్గరా ఆగి, సేతుబంధనం, లంకాదహనం వెతికి పట్టుకున్నది. పది దాటితే జనం తోసుకుంటారు కనుక గేటు తెరిచే వేళకే వెళ్లడం మేలు. తర్వాత వాట్ పో అనే ఆలయంలో 46 మీటర్ల శయన బుద్ధుని వెనుక వరుసగా పెట్టిన 108 కంచు పాత్రల్లో నాణేలు పడే చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్నాము. మనసుకు హాయి ప్యాలెస్ కంటే అక్కడే ఎక్కువ. అక్కడి నుంచి ఐదు బాట్లు ఇస్తే పడవ నది దాటించి వాట్ అరుణ్ ఆలయం దగ్గర దింపుతుంది.

డబ్బు మేము ఇంటికి వచ్చాక పదకొండో రోజున కార్డు ఖాతాలో పడింది. మారకపు రేటు తేడాలో మరికొంత తరిగింది.