వెల్డింగ్ షాపు ట్రెవిస్: పైపు గట్టిదే, కొలతలే గేదెను అడక్కుండా పెట్టారు

పశువైద్యశాల ముందుండే ట్రెవిస్ (పశువు కదలకుండా నిలబెట్టే పైపుల బోను) ఇప్పుడు పది పన్నెండు గేదెలున్న పాకల్లోకీ వచ్చేసింది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపుల్లోనే చెబితే చేసిస్తున్నారు. నాలుగు నిలువు పైపులు, రెండు పక్కలా రెండేసి అడ్డ పైపులు, ముందొకటి, వెనకొకటి. చూడ్డానికి ఇంతే. గాలికుంటు టీకా, నట్టల మందు, చూడి పరీక్ష, ఎదకొచ్చినప్పుడు వేసే సూది (కృత్రిమ గర్భధారణ), గిట్టలు చెక్కడం, చెవిపోగు వేయడం అన్నిటికీ ఇదే ఆధారం. ఈ రివ్యూ ఆ సాదా రకం గురించే: 2 అంగుళాల జీఐ (జింకు పూత ఇనుప) పైపు, 5 అడుగుల ఎత్తు, ఐదున్నర అడుగుల పొడవు, నేలలో పాతి కాంక్రీటు పోసేది. షాపు మారితే తేడా వచ్చేది అంగుళాల్లో. గేదె లోపలికి వస్తుందా రాదా అన్నది తేలేదీ ఆ అంగుళాల్లోనే.

ముందు పైపు సంగతి. రేటు కిలో లెక్కన కడతారు కాబట్టి పలచటి పైపు వేస్తే చౌకగా కనిపిస్తుంది. జీఐ పైపు మీద రంగు పట్టీ చూడండి. పసుపు అయితే లైట్, నీలం అయితే మీడియం, ఎరుపు అయితే హెవీ. ట్రెవిస్‌కి నీలం పట్టీ కావాలి, హెవీ అక్కర్లేదు. పెయింట్ వేసేసి పట్టీ కనపడకుండా చేస్తే తూకం చెబుతుంది. 2 అంగుళాల మీడియం పైపు మీటరుకు సుమారు 5 కిలోలు, లైట్ సుమారు 4 కిలోలు. నిలువు పైపులు నేలలో పాతే రెండడుగులతో కలిపి 28 అడుగులు, పక్క పైపులు 22 అడుగులు, మొత్తం 50. మీడియం అయితే ఇది 75 కిలోలు దాటాలి. 60 దగ్గరే ఆగిపోతే లైట్ పైపు అంటగట్టారన్నమాట. ఐదు క్వింటాళ్ల ముర్రా జాతి గేదె ఒక్కసారి ఒరిగి తోస్తే లైట్ పైపు మధ్యలో విల్లులా వంగిపోతుంది. వంగినదాన్ని సరిచేయడం కంటే మార్చడమే తేలిక.

తుప్పు రెండు చోట్ల మొదలవుతుంది. వెల్డింగ్ వేడికి జింకు పూత కాలిపోయిన అతుకుల దగ్గర, నేలను తాకే చోట మూత్రం నిలిచే దగ్గర. అతుకుల్ని గీకి జింక్ ప్రైమర్ వేయించాలి. పాతిన చోట కాంక్రీటును నేల మట్టానికి వదిలేయకుండా పైపు చుట్టూ మూడంగుళాలు పైకి తెచ్చి బయటికి వాలుగా చేయించాలి. నిలువు పైపుల పైకొసలకు మూతలు వెల్డ్ చేయించకపోతే వాననీళ్లు లోపలే నిలిచి, బయటికి తెలియకుండా తినేస్తాయి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు, చెబితే చేస్తారు. చెప్పకపోతే ఎవరూ చేయరు.

ఇక అసలు లోపాలు. మొదటిది వెడల్పు. షాపువాళ్లు గేటు అలవాటు కొద్దీ మూడడుగులు పెట్టేస్తారు. విశాలంగా ఉంటే గేదెకి హాయి అనుకుంటారు గానీ జరిగేది వేరు. పక్కన ఖాళీ ఉంటే గేదె మెడ వెనక్కి తిప్పి తిరుగుదామని చూస్తుంది. సగం తిరిగి ఇరుక్కుంటుంది, అప్పుడు బెదురుతుంది. పొట్టకి రెండు వైపులా పైపు ఆనీ ఆననట్టు ఉంటే త్వరగా నెమ్మదిస్తుంది. ముర్రాకి లోపలి వెడల్పు 28 నుంచి 30 అంగుళాలు, జెర్సీ సంకరం ఆవుకి 26 నుంచి 28. రెండూ ఉన్న పాకలో, నెలలు నిండిన గేదెలున్న పాకలో 30 పెట్టించి, సన్న పశువు ఎక్కినప్పుడు ఒక పక్కన చెక్క పలక తగిలించుకోవడం మంచిది. కొలత లోపలి నుంచి లోపలికి తీయాలి. పైపు మధ్య నుంచి మధ్యకి కొలిచి 30 అంటే చేతికొచ్చేది ఇరవై ఏడున్నరే.

రెండోది, ఎక్కువ మంది పట్టించుకోనిది, ముందువైపు. చౌక నమూనాలో ముందు అడ్డ పైపును వెల్డ్ చేసేస్తారు. గేదె లోపలికి నడిచి వస్తుంది, పని అయ్యాక వెనక్కి నడవాలి. గేదెలకి వెనక్కి నడవడం చేతకాదని కాదు, ఇష్టం ఉండదు. వెనకేముందో కనపడదు. పశువు కళ్లు తలకి పక్కల ఉంటాయి కాబట్టి చుట్టూ 330 డిగ్రీల దాకా చూడగలదు, సరిగ్గా తోక వెనక మాత్రం గుడ్డి జాగా. దాన్ని మనం తాడు పట్టి అటే తోస్తున్నాం. దాంతో వెనక కాళ్లు జారుతాయి, గిట్ట అంచు పైపుకి కొట్టుకుంటుంది, ఆ దెబ్బ తర్వాతిసారికి గుర్తుంటుంది. వెనక పైపులాగే ముందు పైపు కూడా పక్కకి జారి తెరుచుకునేలా ఉంటే గేదె ముందుకే వచ్చి ముందుకే వెళ్లిపోతుంది. ఇంకో లాభం, ఎదురుగా దారి తెరిచి కనపడుతుంటే లోపలికి రావడానికీ వెనకాడదు. ఈ ఒక్క మార్పు లేకుండా ట్రెవిస్ తీసుకోవద్దని ఖరాఖండిగా చెప్పొచ్చు. రెండు గొట్టాలు, ఒక పిన్ను అదనం, అంతే. ముందు పైపు ఎత్తు ఛాతీకి ఆనేలా రెండున్నర అడుగుల చుట్టుపక్కల ఉండాలి. ఇంకా పైకి పోతే గొంతుకి అడ్డం పడుతుంది.

వెనక అడ్డ పైపును చాలా షాపులు పక్కల పై వరసతో కలిపి మూడున్నర అడుగుల ఎత్తులో పెడతాయి. చూడ్డానికి వరస కుదురుతుంది, పనికి ప్రమాదం. చూడి పరీక్షకి గానీ సూదికి గానీ డాక్టరు గారి చేయి మోచేయి దాటి లోపల ఉంటుంది. ఆ సమయంలో గేదె చతికిలబడితే చేయి ఆ పైపు మీద పడి విరుగుతుంది. 28 నుంచి 30 అంగుళాల ఎత్తులో, అంటే మడమ కీలుకి పైన, తొడ మధ్యలో ఆనేలా ఉంటే వెనక్కి రాకుండా ఆపుతుంది, చేతికీ అడ్డం రాదు. డెలివరీ తీసుకునేటప్పుడు ఒక పరీక్ష చేయండి. ఒక మనిషి లోపల నిలబడి తొడలతో పైపును బలంగా వెనక్కి నెడుతుండగా, ఇంకో మనిషి ఒంటి చేత్తో దాన్ని లాగాలి. రాకపోతే తిప్పి పంపించండి. పడిపోయిన గేదెను బయటికి తీయాల్సినప్పుడు బరువు మీదున్న పైపే ఊడి రావాలి కదా!

జారే పైపు ఒకటిన్నర అంగుళాలది, అది తిరిగే గొట్టం 2 అంగుళాల మీడియం ముక్క అయితే చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల వదులుతో సరిగ్గా కుదురుతుంది. రెండున్నర అంగుళాల ముక్క వేస్తే కదిలినప్పుడల్లా టంగుమంటుంది. ఇది చిన్న విషయం కాదు. పశువుల చెవికి మనకి వినపడని సన్నటి శబ్దాలు కూడా అందుతాయి. ఇనుము మీద ఇనుము కొట్టుకునే చప్పుడు కూడా వాటిని బెదరగొడుతుంది. గొట్టం లోపల పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పెడితే ఆ చప్పుడు పోతుంది. పిన్నుకి గొలుసు కాకుండా నైలాన్ తాడు కట్టండి.

నేల గురించి షాపువాడు మాట్లాడడు, అతని పని పైపులతో అయిపోతుంది. ట్రెవిస్‌లో జరిగే గొడవల్లో ఎక్కువ భాగం జారుడు నేలతో మొదలవుతాయి. కాలు జారిందంటే గేదె పెనుగులాడుతుంది, పెనుగులాడితే ఇంకా జారుతుంది. నున్నటి సిమెంటు, టైల్స్ రెండూ వద్దు. నాలుగంగుళాల కాంక్రీటు పోసి, పచ్చిగా ఉండగానే అడ్డంగా వేలి మందం లోతున గాడులు గీయాలి. వాలు అడుగుకి పావు అంగుళం చాలు, వెనకవైపుకి. ట్రెవిస్ ముందూ వెనకా మరో ఆరడుగులు అదే గరుకు నేల ఉండాలి. మట్టి నేల మీంచి హఠాత్తుగా తెల్లటి సిమెంటు పలక మొదలైతే గేదె అక్కడే ఆగి, తల దించి వాసన చూస్తుంది. లోతు అంచనా దానికి సరిగా అందదు, గీత కూడా గుంటలా అనిపిస్తుంది. ఆ పది క్షణాలు ఆగి చూడనిస్తే తనే అడుగు వేస్తుంది, కర్ర పడితే ఇక వేయదు.

ఎక్కడ పాతాలన్నది కూడా అంతే ముఖ్యం. పొద్దున్నే పనులు చేస్తాం కాబట్టి గేదె ముఖం తూర్పుకి ఉంటే ఎండ కళ్లలో పడుతుంది, ఉత్తరానికి పెట్టడం మేలు. నీళ్ల తొట్టి నుంచి పాకకి వెళ్లే దారిలో ఉంటే రోజూ అందులోంచే నడిచి అలవాటు పడతాయి. గోడ మూలకి ఎదురుగా మాత్రం వద్దు. అమెరికాలో పశువుల బోనుల రూపకల్పనకి పేరుపడ్డ టెంపుల్ గ్రాండిన్ ముందుగా చేసేది తనే ఆ దారిలో వంగి నడిచి పశువు కంటి ఎత్తు నుంచి చూడటం. మన ట్రెవిస్‌కీ అది పనికొస్తుంది. పైపు మీద ఆరేసిన తువ్వాలు, నేల మీద పడే నీడల చారలు, మెరిసే నీళ్ల మడుగు, ఎదురుగా కట్టిన కుక్క, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. నీడ కోసం పైన రేకు వేయిస్తే ఇంకా మంచిది. నల్లటి తోలు, తక్కువ చెమట ఉన్న గేదెని మిట్టమధ్యాహ్నం కాలిన పైపుల మధ్య కట్టేస్తే రొప్పడం మొదలవుతుంది.

వాడకం దగ్గరికొస్తే, పాతిన రోజే టీకాలకి పిలిపించడం చాలా పాకల్లో జరిగే పొరపాటు. మొదటిసారి లోపల నొప్పి కలిగిందంటే ఆ ట్రెవిస్ ఆ గేదెకి శత్రువే. కనీసం వారం రోజులు పైపులు వేయకుండా, ముందు తట్టలో గుప్పెడు తవుడో దాణానో పెట్టి, దాటించి పంపండి. తర్వాత రెండు రోజులు వెనక పైపు వేసి తీయండి. మందలో నెమ్మదైన పాత గేదెని ముందు నడిపిస్తే మిగతావి వెనకే వస్తాయి. తోలేటప్పుడు మనిషి వెనక నిలబడి అరవడం కాదు, భుజం పక్కన ఉండాలి. భుజాన్ని దాటి తోకవైపు నడిస్తే గేదె ముందుకి కదులుతుంది, మనం తలవైపు వస్తే ఆగుతుంది లేదా వెనక్కి జరుగుతుంది. ఇది తెలిస్తే తోక మెలిపెట్టే అవసరం దాదాపు రాదు. ఒకసారి బాగా బెదిరిన పశువు మామూలు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకని మొండికేస్తే వదిలేసి వేరేదాన్ని తెచ్చుకోవడమే సమయం కలిసొచ్చే పద్ధతి. పాలు పితికాకే ఈ పనులన్నీ పెట్టుకోండి. బెదిరిన గేదె చేపదు, పాలు ఎగబట్టుకుంటుంది.

తాడు విషయంలో రెండు మాటలు. ముక్కుతాడుని పైపుకి కట్టొద్దు, ఒక్క గుంజుకి ముక్కు చీలుతుంది. కొమ్ముల చుట్టూ తిప్పి ముఖం మీదుగా తెచ్చిన తాడుతో కట్టాలి, అదీ కొస లాగితే ఊడే జారుముడితో. గట్టిముడి వేసినప్పుడు గేదె కూలబడితే ఉరి పడుతుంది, కోయడానికి కొడవలి వెతుక్కునే లోపే అయిపోతుంది. నట్టల మందు పట్టేటప్పుడు మూతి వెన్ను మట్టాన్ని దాటి పైకి ఎత్తకూడదు, నాలుక లాగి పట్టకూడదు. తల ఎత్తిపెట్టి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గితే వెంటనే తల వదిలేయాలి. ట్రెవిస్‌లో తల కదలకుండా దొరుకుతుంది కాబట్టే ఈ తప్పు ఇక్కడ ఎక్కువ.

ఒంగోలు ఆబోతులకి ఈ సైజు చాలదు, అవి పొడవు, ఎత్తు అన్నిటా పెద్దవి. జాఫ్రాబాది గేదెల వాలు కొమ్ములు పై పైపుల్లో చిక్కుకుంటాయి, ముర్రా చుట్టు కొమ్ములతో ఆ బాధ తక్కువ. బోల్టులతో విప్పి బిగించే రకాలు కూడా దొరుకుతున్నాయి గానీ పాతకుండా నేల మీద నిలబెట్టినవి ముర్రా ఒరిగితే కదిలిపోతాయి. కదిలే బోనులోకి గేదె రెండోసారి రాదు.

ఎనిమిది పది గేదెలకి పైనున్నవాళ్లు ముందు పైపు తెరిచేలా, లోపలి వెడల్పు 30 అంగుళాలతో, నీలం పట్టీ పైపుతో చేయించుకుంటే ఇది డబ్బుకి తగ్గ వస్తువే. ఈ మూడింట్లో ఏది కుదరదన్నా ఇంకో షాపు చూసుకోండి. రెండు మూడు గేదెలున్నవాళ్లకి ఇనుము దండగ. కోస్తాలో సర్వి కర్రలు, మిగతా చోట్ల జామాయిలు గుంజలతో ఇవే కొలతల్లో వేసుకోవచ్చు. కర్ర టంగుమనదు, ఎండకి కాలదు. చెదలు పట్టకుండా పాతే భాగానికి తారు పూసి, ఏటా వానల ముందు గుంజల్ని ఊపి చూసుకుని, కదిలినదాన్ని మార్చుకుంటే చాలు.