గేదె ఎదకు రాకపోతే సూదులు మేలా, పిండం మేలా?

"అన్నా, మా గేదె ఈని ఆరు నెలలైంది, ఎద జాడే లేదు. సూదులకు తగలేసే బదులు పిండమే పెట్టిస్తే పోదా?"

మద్దిపాడు దగ్గర మా ఊరి పాలకేంద్రంలో ఈ మాట వినని వారం లేదు. సూదులంటే ఎద తెప్పించే హార్మోన్లు, పిండమంటే మేలుజాతి ఆవు నుంచి తీసి మరో పశువు గర్భంలో పెట్టేది. మా బావమరిది ఇంట్లో పిండం దూడ పుట్టినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. సంకర జెర్సీ పొదుగు కింద గంగడోలు వేలాడే ఒంగోలు పెయ్య తలతో కుమ్ముతూ పాలు తాగుతుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ పెయ్య కోసం అతను నాలుగు ఆవులను సిద్ధం చేశాడని, ఏడో రోజు పరీక్షలో రెండే పనికొచ్చాయని, వాటిలో ఒకటే చూడి కట్టిందని మాత్రం ఎవరూ అడగరు.

అసలు పేచీ ఆ ఏడో రోజు దగ్గరే ఉంది. పిండం వయసు ఏడు రోజులు. దాన్ని మోయబోయే పశువు కూడా సరిగ్గా ఏడు రోజుల క్రితం ఎదకు వచ్చి ఉండాలి. అండాశయంలో అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం అనే కణజాలం బాగా ఎదిగి ఉంటేనే గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ అందుతుంది. అంటే ఎదకు రాని గేదెకు పిండం మందు కాదు. మందలో చాలా ఆవులను ఒకేసారి సిద్ధం చేయాలంటే ముందు ఆ హార్మోన్ల వరుసే నడపాలి. నెల్లూరు పేరు మీదుగా నెలోర్ అని పిలుచుకునే మన ఒంగోలు జాతిని బ్రెజిల్‌లో పిండాలతో విరివిగా వృద్ధి చేస్తున్నారంటే, వాళ్లకు పెద్ద పెద్ద మందలున్నాయి, ఏరుకుంటారు. మన కొట్టంలో ఉన్నవి మూడు.

గేదెల్లో చాలావాటిది మూగ ఎద. వస్తుంది, మనకు కనిపించదు. అలాంటివాటికి సూదుల వరుస బాగా పనికొస్తుంది: మొదట అండం విడుదల చేయించే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోన్, 7 రోజులకు కార్పస్ లూటియాన్ని కరిగించే ప్రోస్టాగ్లాండిన్, మరో 2 రోజులకు మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్, ఆపైన 16 నుంచి 20 గంటలకు వీర్యం. ఎద కోసం రాత్రంతా కాపు కాయనక్కరలేదు. కాకపోతే ప్రోస్టాగ్లాండిన్‌కు ముందు చూడి పరీక్ష తప్పనిసరి. తెలియక వేస్తే ఉన్న చూడి పోతుంది. ఆ మందును గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ముట్టుకోకూడదు.

అసలు ఎద చక్రమే మొదలుకాని పశువుకు ప్రొజెస్టిరాన్ సాధనాన్ని యోనిలో వారం పైగా ఉంచుతారు. మా గేదెకు పెట్టించినప్పుడు బయటికి వేలాడే దారాన్ని పక్కన కట్టిన పడ్డ తీరుబడిగా నమిలేసింది. తీసే రోజున డాక్టరుగారు చేయి పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది. మీరు పెట్టిస్తే దూరంగా కట్టేయండి.

ఎండు చొప్ప తప్ప మరేమీ ఎరగని, పక్కటెముకలు లెక్కపెట్టగలిగే పశువుకు మాత్రం రెండూ దండగే. నట్టల మందు, లవణ మిశ్రమం, రెండు నెలల పచ్చిమేత ముందు.

పిండానికి దాని చోటు దానికుంది. గొప్ప ఆవు ఒకటి ఉండి, దాని సంతతి పది కావాలంటే అదే దారి. మోసిన తల్లి రక్తం దూడకు రాదు కాబట్టి నాసి ఆవూ మేలు జాతిని ఈనగలదు. కానీ దాత ఆవుకు 4 రోజులపాటు పూటకొకటి చొప్పున ఒకేసారి ఎక్కువ అండాలు ఎదిగేలా 8 ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ సూదులు, ఆపైన గర్భాశయం కడిగి పిండాలు తీయడం. గేదెల్లో అలా దక్కే పిండాలు మరీ తక్కువ. ఇది నెల్లూరు జిల్లా చింతలదేవిలోని కామధేను పశు సంతతి కేంద్రం లాంటి చోట్ల జరగాల్సిన పని. ఆడదూడే కావాలంటే లింగ నిర్ధారిత వీర్యం ఉంది, 90 శాతం వరకు పెయ్యే.

నేను సూదులే ఎంచుకున్నాను. వీర్యం వేయించి ఇవాళ్టికి 24 రోజులు. తెల్లవారుజామున గేదె పడుకున్నచోట టార్చి వేసి చూశాను, మళ్లీ ఎదకొస్తే జారే జిగురు తీగ కనిపించలేదు. మూగ ఎద గేదె కదా, అదేమంత గట్టి సాక్ష్యం కాదు. 60 రోజులకు డాక్టరు చేయి పెట్టి చూసేదాకా పాలకేంద్రంలో నోరు విప్పవద్దని మా ఆవిడ ఆజ్ఞ.