ఋషికొండలో స్కూబా: మడమకి కుట్లు పడ్డ కాలితో ఒక రివ్యూ

విశాఖ ఋషికొండ బీచ్‌లో స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో సముద్రంలో మునగడం) చేయించేవాళ్ల గురించి రివ్యూలు చాలానే ఉన్నాయి. చేపలు కనిపించాయి, వీడియో బాగా తీశారు, స్టాఫ్ మంచివాళ్లు. నాకు కావలసిన విషయం మాత్రం ఒక్కదాంట్లోనూ దొరకలేదు. సిలిండర్ మనమే మోసుకెళ్లాలా? బోటు ఎక్కే నిచ్చెన ఎలా ఉంటుంది? ఫిన్స్ (పాదాలకి తొడుక్కునే ఈత రెక్కలు) వెనక పట్టీ రబ్బరుదా, స్ప్రింగుదా? అకిలీస్ టెండన్, అంటే పిక్కని మడమకి కలిపే నరం లాంటి పట్టీ, తెగి సర్జరీ అయినవాళ్లకి చేపల కంటే ముందు తెలియాల్సినవి ఇవే. సెంటర్ పేరు రాయడం లేదు. కొన్ని ఫిర్యాదులున్నాయి, వాళ్లతో నాకు ఇంకా పని కూడా ఉంది.

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. నలభై దాటాయి, బ్యాంకు ఉద్యోగం, పొద్దున్నే షటిల్. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (స్కూబాలో మొదటి కోర్సు) అండమాన్‌లో హావ్‌లాక్‌లో తీసుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు కోర్టులో నెట్ దగ్గరికి ఉరకబోతే మడమ పైన టప్‌మని చప్పుడైంది. వెనక నుంచి ఎవరో రాకెట్‌తో కొట్టారనుకుని తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఆర్థోపెడిక్ డాక్టర్ బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికారు. అలా పిసికితే పాదం దానంతటదే కిందికి వంగాలి. నాది కదల్లేదు. ఇంక సర్జరీ, మడమ కింద ముక్కలు పేర్చిన పెద్ద బూటు, నెలల తరబడి ఫిజియోథెరపీ. ఇదంతా పడ్డవాళ్లకి తెలిసిందే, పడనివాళ్లకి అనవసరం.

సెంటర్‌కి ఫోన్ చేస్తే ముందు మెడికల్ ఫారం పంపారు. అందులో ఒక ప్రశ్న సరిగ్గా మనలాంటివాళ్ల కోసమే ఉంటుంది: గడిచిన 12 నెలల్లో సర్జరీ అయిందా, లేదా పాత సర్జరీ వల్ల ఇంకా ఏమైనా ఇబ్బంది ఉందా? అవునంటే డాక్టర్ సంతకం కావాలి. నాకు ఏడాది దాటింది కానీ పొద్దున లేవగానే మడమ ఇంకా బిగుసుకుంటోంది, అందుకని అవుననే టిక్ పెట్టాను. అంతకుముందు ఇంకోచోట అడిగితే "నో అని పెట్టేయండి మేడమ్, ఏం కాదు" అన్నారు. అటు వెళ్లలేదు. వీళ్లు లెటర్ చేతికి వచ్చేదాకా స్లాట్ ఇవ్వలేదు.

లెటర్ చూసి ఊరుకోలేదు కూడా. ఇన్‌స్ట్రక్టర్ నన్ను గోడ పట్టుకోమని, ఒంటికాలి మీద మడమ ఎత్తి దించమన్నాడు. ముందు మంచి కాలు, తర్వాత కుట్ల కాలు. రెండోది తొందరగానే వణికింది. కాసేపు చూసి, "నీళ్లలోకి ఇది చాలక్కా. ఇసకలో సిలిండర్ మాత్రం మీరు మొయ్యరు" అన్నాడు. నేను ఇచ్చే స్టార్లలో ఒకటి ఈ మాటకే.

ఎందుకంటే ఈ గాయానికి నీళ్లు పెద్ద సమస్య కాదు. లోపల మన బరువంతా నీరే మోస్తుంది. కష్టమంతా ఒడ్డు నుంచి బోటు దాకా, మళ్లీ నీళ్ల నుంచి బోటులోకి. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్ గాలి నింపాక 17 కిలోల దాకా తూగుతుంది. దానికి సిలిండర్ తగిలించే జాకెట్, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్, మునగడానికి నడుముకి కట్టే సీసం దిమ్మలు కలిపితే 20 దాటేస్తుంది. అంత బరువుతో పొడి ఇసుకలో నడిస్తే ప్రతి అడుగుకీ మడమ కిందికి దిగి పిక్క సాగుతుంది. అది దాటితే కెరటం విరిగే చోటు. వెనక్కి వెళ్లే నీరు కాళ్ల కింది ఇసుకని లాగేస్తుంటే నిలదొక్కుకోవడానికి ఆ టెండన్ మీదే భారం వేస్తాం. ఇక్కడ సామానంతా కుర్రాళ్లే ముందు బోటులోకి చేర్చారు. నేను వెట్‌సూటుతో (ఒంటికి పట్టేసే రబ్బరు డ్రెస్సు) ఖాళీ చేతుల్తో నడిచాను. బోటాయన జాలరిపేట మనిషి, నడుంలోతు నీళ్లలో ఫైబర్ బోటు పట్టుకుని, "కెరటం పోనివ్వండమ్మా, అది పోయాక అడుగెయ్యండి" అంటూ ఒక్కొక్కరినీ ఎక్కించాడు. తొందరపెట్టలేదు.

ఫిన్స్ దగ్గర పేచీ వచ్చింది. మొదట ఇచ్చినవి పాదమంతా పట్టేసే రకం, పొడవాటి గట్టి బ్లేడు. బ్లేడు ఎంత పొడవుగా, గట్టిగా ఉంటే పిక్క అంత పనిచేయాలి. వద్దన్నాను. రెండోసారి తెచ్చినవి వెనక తెరిచి ఉండే రకం, లోపల బూటీ (మెత్తటి రబ్బరు బూటు) వేసుకోవచ్చు. బాగానే ఉంది కానీ వెనక రబ్బరు పట్టీ పాతబడి రాయిలా తయారైంది, బిగించగానే వెళ్లి నా మచ్చ కింది కొస మీద కూర్చుంది. ఆ మచ్చ చుట్టూ చర్మం ఇప్పటికీ పలచగా, లాగినట్టు ఉంటుంది. బిగువు చెప్పు వేసుకున్నా కమిలిపోతుంది. స్ప్రింగు పట్టీ ఉన్న జత సెంటర్ మొత్తానికి ఒకటే ఉందట, అది ఇన్‌స్ట్రక్టర్‌దే. నా ముఖం చూసి అతనే తన పట్టీ విప్పి నా ఫిన్‌కి తగిలించాడు. పాత వెట్‌సూట్‌లోంచి అరచేతి వెడల్పు ముక్క కత్తిరించి బూటీ లోపల, సరిగ్గా మచ్చ మీదికి వచ్చేలా పెట్టాడు. స్ప్రింగు అయితే దూర్చి వదిలేస్తే చాలు, తీసేటప్పుడు కూడా మడమ గుంజుకోనక్కర్లేదు. మీ గాయం ఇలాంటిదైతే ఒక జత స్ప్రింగు పట్టీలు సొంతానికి కొనుక్కోండి. బూటీలు కూడా. ఆడవాళ్ల సైజులు ఇక్కడ దాదాపు లేవు, నాకిచ్చినవి ఒక సైజు పెద్దవి.

సముద్రానికి ముందు స్విమ్మింగ్ పూల్‌లో రిఫ్రెషర్ ఉంటుంది, నేర్చుకున్నవి మళ్లీ చేయించి చూస్తారు. మాస్క్‌లో నీళ్లు తీయడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్ వెతికి పట్టుకోవడం, ఇవి చేతులకి గుర్తున్నాయి. కాలికి కొత్తగా నేర్పాల్సి వచ్చింది. సైకిల్ తొక్కినట్టు కొట్టొద్దు, తొడ నుంచి కొట్టండి అని పదే పదే చెప్పాడు. తర్వాత కప్పలా రెండు కాళ్లూ తెరిచి మూసే కిక్ చేయించాడు. అది నాకు హాయిగా ఉంది. ఇంకో సంగతి, ఇది ఏ కోర్సులోనూ మనకోసం విడిగా చెప్పరు. పిక్క పట్టేస్తే ఫిన్ కొస పట్టుకుని మన వైపు లాగమని ఓపెన్ వాటర్‌లో నేర్పుతారు. ఆ లాగడం పడేది కుట్లేసిన టెండన్ మీదే. నా సర్జన్ లెటర్‌లో బలవంతంగా సాగదీయొద్దని రాశారు. అందుకని ముందే అనుకున్నాం: పట్టేస్తే నేను సైగ చేసి కాలు ఆపేస్తాను, అతను పిక్క నొక్కుతాడు, తగ్గకపోతే పైకి. అవసరం రాలేదు కానీ మాట్లాడుకుని ఉండటంతో సగం టెన్షన్ పోయింది. పూల్ గట్టు మాత్రం పాచి పట్టి జారుతోంది. ఒక కాలు గట్టిగా లేని మనిషిని తీసుకెళ్లే చోటు అది కాదు, ఆ మాట వాళ్లతోనూ అన్నాను.

డైవ్ గురించి చెప్పాలంటే, బోటు అంచున కూర్చుని వెనక్కి వాలి పడటమే. అండమాన్‌లో పెద్ద బోటు మీంచి ముందుకు అడుగేసి దూకేవాళ్లం, అందులో ఫిన్ నీటికి తగిలినప్పుడు పాదానికి ఒక కుదుపు వస్తుంది. ఇందులో ఏమీ లేదు. తొమ్మిది, పది మీటర్ల లోతు, రాళ్లు, వాటి సందుల్లో లయన్‌ఫిష్, తల బయటపెట్టి చూసే ఒక మోరే ఈల్. నీరు అండమాన్‌లా ఉండదు, ఆశ పెట్టుకోకండి. ఐదారు మీటర్ల అవతల అంతా పచ్చటి మసక. వానలు పోయి సముద్రం సద్దుమణిగాక, జనవరి తర్వాత వెళ్తే నయం. ఇంట్లో కూర్చుని పెరిగిన కిలోల వల్ల ముందు కిందికి దిగనే లేదు, ఇంకో దిమ్మ కలపాల్సి వచ్చింది. కాలు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

గుర్తొచ్చింది పైకి వచ్చాక. బోటు పక్కన తగిలించే చిన్న నిచ్చెన, మెట్లన్నీ గుండ్రటి పైపులు. జాకెట్, సిలిండర్, ఫిన్స్ నీళ్లలోనే విప్పించి పైకి అందుకున్నారు, అంతవరకు బాగుంది. కానీ పైపు మీద అలవాటుగా మునివేళ్లు ఆనిస్తే, బోటు ఊగినప్పుడల్లా మడమ కిందికి జారి టెండన్ లాగుతుంది. ఫిజియో నెలలపాటు మెట్టు అంచున మెల్లగా చేయించిన కదలికే ఇక్కడ కుదుపుతో వస్తుంది. బోటాయన చూసి, "కాలు అడ్డంగా పెట్టండమ్మా, మజ్జిని" అని అరిచాడు. పాదం మధ్య ఆనించి, మంచి కాలు ముందు వేసి, మిగతా పని చేతులతో లాగాను. వెడల్పు మెట్లున్న నిచ్చెన పెద్ద ఖరీదు కాదు. ఒక స్టార్ ఇక్కడ పోయింది.

దిగాక ఇన్‌స్ట్రక్టర్ అందరినీ అడిగిన ప్రశ్న: సాయంత్రం అరకు వెళ్తున్నారా? బయటూరి నుంచి వచ్చినవాళ్లు పొద్దున డైవ్, సాయంత్రం అరకు అని ప్లాన్ వేస్తారు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది, దారిలో ఘాట్ ఇంకా ఎత్తు. డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ ఎత్తుకి వెళ్తే బుడగలు కట్టొచ్చు, అందుకే డైవ్ తర్వాత వెంటనే విమానం ఎక్కకూడదన్న నియమం కొండకీ వర్తిస్తుంది: ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18. మాతో వచ్చిన ఒక జంట క్యాబ్ మర్నాటికి మార్చుకున్నారు. సింహాచలం వెళ్లొచ్చా అని ఒకావిడ అడిగితే అది అంత ఎత్తు కాదు, నిక్షేపంగా వెళ్లండి అన్నాడు.

రిఫ్రెషర్‌కి, బోట్ డైవ్‌కి కలిపి ఏడు వేల పైచిలుకు అయింది. వీడియోకి వేరే అడుగుతారు, అది మన ఇష్టం. బట్టలు మార్చుకునే గది చిన్నది, కూర్చుని బూటీ విప్పడానికి స్టూలు కూడా లేదు. ఒంటికాలి మీద నిలబడి తిప్పలు పడ్డాను. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, అవీ ఎక్కువగా ఇన్‌స్ట్రక్టర్‌కి, బోటాయనకి. సముద్రం నిమ్మళించాక చింతపల్లి దగ్గర మునిగిపోయిన ఓడ చూపిస్తాం, రండక్కా అన్నారు. నిచ్చెన మార్చాక ఫోన్ చెయ్యమన్నాను.