సనాడా అన్నదమ్ములు: ఒకే ఇల్లు, రెండు పక్షాలు

1600లో అధికారం కోసం జపాన్ రెండు పక్షాలుగా చీలినప్పుడు సనాడా అనే సమురాయ్ (యోధుల) వంశమూ చీలింది. పెద్దకొడుకు నొబుయుకి ఒక పక్షం నాయకుడైన తొకుగావా ఇయెయాసు వైపు నిలిచాడు. తండ్రి మసయుకి, చిన్నకొడుకు నొబుషిగె అతని ప్రత్యర్థి ఇషిదా మిత్సునారి పక్షం చేరారు. ఎవరు గెలిచినా వంశం నిలవాలన్న లెక్క అంటారు గానీ, పెళ్లి సంబంధాలూ చూడాలి. అన్న భార్య ఇయెయాసు దత్తపుత్రిక. తమ్ముడి మామగారు మిత్సునారికి ఆప్తుడైన ఒతాని యోషిత్సుగు.

తమ్ముడి దారిలో పేరుంది. ఉయెదా కోటలో తండ్రీకొడుకులు కొద్దిమందితోనే ఇయెయాసు కొడుకు హిదెతదా మహాసైన్యాన్ని నిలబెట్టేశారు. దాంతో హిదెతదా రెండు పక్షాల గెలుపోటములు తేల్చిన సెకిగహారా యుద్ధానికి అందుకోలేకపోయాడు. అయినా వీళ్ల పక్షమే ఓడింది. ఆపై కుదొయామా అనే ఊళ్లో ఏళ్ల తరబడి ప్రవాసం, చేతిలో డబ్బాడని బతుకు. తండ్రి 1611లో అక్కడే పోయాడు. 1615లో ఒసాకా దగ్గర ఇయెయాసుతో జరిగిన యుద్ధంలో నొబుషిగె అతని శిబిరం దాకా దూసుకెళ్లి, అదే రోజు చనిపోయాడు. యుకిమురా పేరుతో కథలన్నీ ఇతనివే.

నాకైతే అన్న బతుకే ఎక్కువ టెన్షన్‌గా కనిపిస్తుంది. గెలిచిన పక్షంలో ఉండి, ఓడిన తండ్రీతమ్ముళ్ల ప్రాణాలకోసం బతిమాలుకోవాలి. మామ, అంటే భార్య కన్నతండ్రి హొందా తదకత్సు అండతో అది సాధించాడు. 1622లో మత్సుషిరో సంస్థానానికి మారి, తొంభై దాటాక 1658లో కన్నుమూశాడు. 1871లో సంస్థానాలు రద్దయ్యేదాకా అక్కడ సనాడాలే ఏలారు.