ముండియా తో బచ్ కే: జే-జీ ఉన్నదా, లేనిదా, ఏది మేలు?

"అన్నా, రెండూ ఉన్నయ్. జే-జీది పెట్టాల్నా, మామూలుదా?"

వరంగల్‌లో మా చెల్లి పెళ్లి, సంగీత్ రాత్రి. పదిన్నర దాటింది. డీజే తమ్ముడు లాప్‌టాప్ నా వైపు తిప్పి అడిగాడు. స్క్రీన్ మీద 'ముండియా తో బచ్ కే' అనే ఒకే పాట రెండు ఫైళ్లు, పైన అమెరికా ర్యాపర్ జే-జీ గొంతు కలిపిన రీమిక్స్, కింద అసలు పాట. నేను నోరు తెరిచేలోపే డాలస్ నుంచి దిగిన మా పెద్ద బావ "జే-జీది పెట్టు, జే-జీది" అన్నాడు. ఇంటి అల్లుడి మాట, కాదనేదెవరు? అదే పెట్టారు. తర్వాత ఏమైందో చెబుతాను గానీ, ముందు పాట సంగతి.

పేరు చెబితే గుర్తుపట్టని వాళ్లు కూడా వినిపిస్తే "ఓ, ఇదా" అంటారు. మొదట ఒంటి తీగ ఒకటి తెగ గిలగిలా కొట్టుకుంటుంది. అది తుంబి, పంజాబ్ పల్లెల వాయిద్యం. చిన్న బుర్ర, పొడవాటి కర్ర, ఒకటే తీగ. మన తెలంగాణలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ల జమిడికకూ ఒకటే తీగ. కాకపోతే జమిడికలో తీగను లాగి వదులుతూ స్వరం మారుస్తారు, తుంబిలో వేలితో కర్రకు అదిమి మారుస్తారు. ఒక్క తీగతో ఇంత గోల చేయొచ్చా అనిపించడం మాత్రం రెండింటి దగ్గరా ఒకటే.

పాట చేసింది పంజాబీ ఎంసీ, ఇంగ్లండ్‌లోని కొవెంట్రీ కుర్రాడు. 1998లో 'లీగలైజ్డ్' ఆల్బమ్‌లో వచ్చింది. పాడింది లాభ్ జంజువా. ఈ పేరు కొత్తగా అనిపిస్తే, మన పెళ్లిళ్లలో కూడా తప్పనిసరి అయిపోయిన 'లండన్ ఠుమక్‌దా' గుర్తుచేసుకోండి. అందులో మగ గొంతు ఆయనదే. 2015లో ముంబైలో పోయాడు.

తుంబి కింద బుసలు కొడుతూ నడిచే ఆ బేస్ మాత్రం పంజాబ్‌దీ కాదు, కొవెంట్రీదీ కాదు. 1982లో అమెరికా టీవీలో మొదలైన 'నైట్ రైడర్' సీరియల్ టైటిల్ మ్యూజిక్. మాట్లాడే నల్ల కారు, దానికో హీరో, అదీ ఆ సీరియల్. ఆ మ్యూజిక్ కట్టింది స్టూ ఫిలిప్స్, గ్లెన్ లార్సన్. పైగా అది మన పాటలోకి తిన్నగా రాలేదు. న్యూయార్క్ ర్యాపర్ బస్టా రైమ్స్ 'ఫైర్ ఇట్ అప్'లో దాన్ని శాంపిల్ చేశాడు, అంటే ఆ ముక్కనే తీసుకుని తన పాటలో వాడుకున్నాడు, అక్కడి నుంచి బీటూ బేసూ ఎత్తుకొచ్చి పంజాబీ ఎంసీ భాంగ్రా కింద పరిచాడు. అరువు తెచ్చుకున్నవాడి దగ్గర అరువు తెచ్చుకోవడం అన్నమాట.

మరి ఈ అతుకు ఎక్కడా ఎందుకు కనపడదు? నాకు తోచిన కారణం ఒకటుంది. నైట్ రైడర్ ట్యూను ఒకసారి జాగ్రత్తగా వినండి. ఒక స్వరం మీద కూర్చుని, పక్కనే అర మెట్టు ఎత్తులో ఉన్న స్వరాన్ని తాకి వెనక్కి వస్తుంటుంది. చిన్నప్పుడు మాయామాళవగౌళలో సరళీ స్వరాలు పాడినవాళ్లకు అది పరాయిగా అనిపించదు. షడ్జం, దాన్ని ఆనుకుని ఉన్న శుద్ధ రిషభం. రాసినవాళ్లు కారు కోసం రాసి ఉండొచ్చు, నాలాంటివాడి చెవికి మాత్రం అందులో తూర్పు వాసన ముందే ఉంది. తుంబి వచ్చి పక్కన కూర్చుంటే చుట్టరికం కలిసినట్టే ఉంటుంది.

ఇంత చేసినా 1998లో ఆ పాట బ్రిటన్‌లోని పంజాబీల పెళ్లిళ్లు, వాళ్ల క్లబ్బులు దాటి పెద్దగా బయటికి రాలేదు. నాలుగేళ్లు అలాగే ఉంది. 2002లో జర్మనీలో మళ్లీ విడుదలైతే చార్టుల్లో 2వ స్థానం దాకా ఎక్కింది. 2003 జనవరిలో బ్రిటన్‌లో 5. పంజాబీ ముక్క రాని జర్మన్లు పంజాబీ పాటకు ఊగిపోయారు. ఆ మాటకొస్తే ముక్క రాకుండానే ఊగేవాళ్లలో మనమూ ఉన్నాం. పాట అర్థం చాలా మామూలుది: ఇప్పుడిప్పుడే వయసుకొస్తున్నావు, కుర్రాళ్లతో జాగ్రత్త పిల్లా అని. పంజాబీలో ముండా అంటే కుర్రాడు. అదే మాట మన చెవికి ఇంకోలా తగులుతుంది. మా పిన్ని మొదటిసారి విని, "పెళ్లింట్లో ఆ బూతులేంట్రా, ఆపించు" అని నా మీద గయ్యిమంది. అర్థం చెప్పినా నమ్మలేదు.

జే-జీ కథ ఇక్కడే మొదలవుతుంది. స్విట్జర్లాండ్‌లో ఒక క్లబ్బులో జనం ఈ పాటకు ఎగరడం చూసి, తనే కబురు పెట్టి రీమిక్స్ చేద్దామన్నాడని చెబుతారు. 2003లో 'బివేర్ ఆఫ్ ద బాయ్స్' పేరుతో అది బయటికి వచ్చింది. పేరు అసలు పాట పల్లవికి ఇంగ్లిష్ అనువాదమే. అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100లో 33వ స్థానం. పంజాబీ పల్లవితో అక్కడిదాకా వెళ్లడం చిన్న విషయం కాదు.

రీమిక్స్ అనగానే మనవాళ్ల మనసులో మెదిలేది వేరు. పాత సినిమా పాటను కొత్త హీరో కోసం కొత్త గొంతుతో మళ్లీ పాడించి, కింద డ్రమ్స్ పెంచడం. ఆ లెక్కలో చూస్తే జే-జీ మర్యాదస్తుడు. లాభ్ జంజువా గొంతు తీసేయలేదు, ఇంకెవరితోనో పాడించలేదు. తుంబి ఉంది, బేస్ ఉంది, పల్లవి ఉంది. వాటి మీద తన ర్యాప్ వేసుకున్నాడు, అంతే.

కానీ ఆ 'అంతే' దగ్గరే నాకు పేచీ. ఈ పాట బలమంతా ఖాళీల్లో ఉంది. వేగం నిమిషానికి వంద దెబ్బలకు కాస్త తక్కువ, అంటే డాన్స్ పాటల లెక్కలో నెమ్మది. తుంబి ఒక ముక్క వాయించి ఆగుతుంది, ఆ సందులోంచి బేస్ తల ఎత్తుతుంది, లాభ్ జంజువా ఒక లైను పాడి వదిలేస్తాడు, మళ్లీ తుంబి. భుజం ఎగరేయడానికి, చెయ్యి పైకెత్తడానికి, ఎదుటివాడిని చూసి నవ్వడానికి ఆ సందులే చోటు. జే-జీ సరిగ్గా వాటినే మాటలతో నింపేశాడు. ఆయన తాళం తప్పడు, అందులో వంక పెట్టలేం. ఆ బేస్ మీద అంత సులువుగా నడవడం అందరికీ చేతకాదు. బీటు వాళ్ల ఊరిదే కదా మరి, బస్టా రైమ్స్ ఇంటి నుంచి వచ్చిందేగా. అయినా లాభ్ జంజువా తన పాటలోనే వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

ఇంకో చిన్న గొణుగుడు. ర్యాప్‌లో ఒకచోట జే-జీ తనను తాను పాములవాడినని చెప్పుకుంటాడు, అమ్మాయిని పాములా ఊగమంటాడు. భారతదేశం అనగానే పాము, బుట్ట, బూర! 2003లో కూడానా? తుంబి చప్పుడు విని నాగస్వరం అనుకున్నాడేమో పాపం.

అయితే అదే ర్యాప్‌లో తర్వాత వచ్చే ముక్క వింటే ఆ చిరాకు సగం తగ్గుతుంది. ఆ ఏడాది మార్చిలో అమెరికా ఇరాక్ మీద యుద్ధానికి దిగింది. పార్టీ పాటలో, ఆ బేస్ మీదే, ఇరాక్‌ను వదిలేయమంటాడు. వెంటనే, అక్కడున్న సైనికులు క్షేమంగా ఇంటికి రావాలని కూడా కోరుకుంటాడు. 2001 సెప్టెంబరు ఉగ్రదాడుల తర్వాత తలపాగా కనిపిస్తే చాలు మీద పడుతున్న రోజులవి. అలాంటప్పుడు న్యూయార్క్ ర్యాపర్ ఒకడు పంజాబీ పాటను తన పక్కన నిలబెట్టుకుని ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. దీన్ని మా బావ నాకంటే బాగా చెప్పాడు. "నువ్వు పెళ్లిలో విన్నావురా, నేను కారులో విన్నా. చదువుకోవడానికి కొత్తగా వెళ్లాను. రేడియోలో మనవాళ్ల గొంతు, పక్కన జే-జీ. పక్క సీటులో అమెరికన్ వాడు తల ఊపుతున్నాడు. ఆ రోజు నాకెలా ఉందో నీకేం తెలుసు?" అన్నాడు. మనవాళ్లు అంటే పంజాబీలు. హైదరాబాదులో ఉన్నప్పుడు ఆయన పంజాబీలను మనవాళ్లు అనగా నేను వినలేదు. సరే, దూరం వెళితే చుట్టరికాలు పెరుగుతాయి.

కాబట్టి చెవులకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, 2003లో లోకం ఎలా ఉండేదో ఒకసారి తలుచుకోవాలంటే రీమిక్సే వినండి. దాని మీద తారీఖు ముద్ర ఉంది, ఆ ముద్రే దాని విలువ. కానీ డాన్స్ ఫ్లోర్‌కు తారీఖుతో పనిలేదు. మొదటి పాటలో 1998 ఎక్కడా కనపడదు. నిన్న చేశారన్నా నమ్మేస్తాం. కార్లో ఒంటరిగా వెళ్తున్నా, పదిమంది మధ్య ఎగరాలన్నా నా ఓటు దానికే. రెండూ ఒకేలా ఉన్నాయి, ఏదైనా పర్లేదు అనేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. వరంగల్‌లో కళ్లారా చూశాను కదా.

తుంబి మొదలవగానే కుర్చీల్లో ఉన్నవాళ్లు కూడా లేచారు. చిన్నాన్న కండువా నడుముకు బిగించాడు. ఇంతలో జే-జీ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒక ఐదారు సెకన్లు అందరూ ఇదేదో అనౌన్స్‌మెంట్ అనుకుని స్టేజీ వైపు చూశారు. తర్వాత అటూ ఇటూ చూసుకున్నారు. పాట మళ్లీ వస్తుందేమోనని కాసేపు చప్పట్లు కొట్టారు. పల్లవి వచ్చేసరికి సగం మంది కుల్ఫీ స్టాల్ దగ్గరున్నారు. మధ్యలో మా బావ ఒక్కడే కళ్లు మూసుకుని, ర్యాప్ మొత్తం పొల్లు పోకుండా తనూ అంటూ ఊగుతున్నాడు.

డీజే తమ్ముడు నా వైపు చూశాడు. నేను కింది ఫైలు చూపించాను. ఈసారి తుంబి మోగినప్పుడు కుల్ఫీ పుల్లలు చేతుల్లో పట్టుకునే పరిగెత్తుకొచ్చారు జనం. లాభ్ జంజువా పల్లవి ఎత్తుకున్నాడు. పిన్ని చెవులు మూసుకుంది గానీ, పాదం మాత్రం ఆడుతూనే ఉంది.

పాట అయ్యాక బావ చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఓడిపోయానని ఒప్పుకుంటాడేమో అనుకున్నా. "మీ డీజే దగ్గర స్పీకర్లు మంచివి కాదురా, ర్యాప్ సరిగ్గా వినపడలేదు" అన్నాడు.