ఏడేళ్లు వాడిన మా పెరటి ఈతకొలను: పెట్టిన ఖర్చుకు తగినదేనా?

మా తమ్ముడు మహబూబ్‌నగర్‌లో ఇల్లు కట్టుకుంటున్నాడు. పెరట్లో ఈతకొలను కూడా ఉండాలని వాడి కోరిక. "అక్కా, నీకు ఉంది కదా, కట్టించుకోమంటావా వద్దంటావా?" అని సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగాడు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. మేము నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఉన్న మా ఇంటి వెనక 2018 మార్చిలో కొలను కట్టించాం. ఆ రోజు నుంచి ప్రతి ఖర్చూ ఒక నోటు పుస్తకంలో రాశాను. ఎవరైనా నీళ్లలోకి దిగితే ఒక గీత పెట్టాను. ఆ పుస్తకం ముందు పెట్టుకుని వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

కొలను పొడవు 24 అడుగులు, వెడల్పు 12. లోతు ఒక చివర మూడున్నర అడుగులు, రెండో చివర ఐదు. సుమారు 35 వేల లీటర్లు పడుతుంది. కట్టినవారు చెప్పిన అంచనా ఏడు లక్షలు, చివరికి అయింది తొమ్మిది లక్షల నలభై వేలు. పెరిగిన దానిలో సగం బండకే పోయింది. మాది పైన ఎర్ర చెల్క నేల, నాలుగడుగులు తవ్వగానే గట్టి రాయి. కంప్రెసర్ తెప్పించి పగలగొట్టించాల్సి వచ్చింది. ఈ చుట్టుపక్కల బావి తవ్వించిన ఏ పెద్దాయనను అడిగినా ఆ సంగతి ముందే చెప్పేవారు.

అయితే కట్టడానికి అయిన డబ్బు ఒక్కసారి బాధపెట్టి ఊరుకుంటుంది. నీటి సంగతి అలా కాదు, ప్రతి ఎండాకాలం తిరిగి వస్తుంది. మొదటిసారి నింపడానికి ఏడు ట్యాంకర్లు తెప్పించాం. ఆ తరువాత బోరుతో సరిపోతుందనుకున్నాం. మే నెలలో ఎండ 44 డిగ్రీలకు చేరినప్పుడు కొలనులో నీరు రోజుకు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. వినడానికి తక్కువే. మా కొలను వైశాల్యానికి లెక్క కడితే అది 260 లీటర్ల పైమాట, అంటే పదమూడు బిందెలు. వీధిలో రెండిళ్ల బోర్లు ఎండిపోయి వాళ్లు ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో పదమూడు బిందెలు గాలిలో కలిసిపోతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. రెండో ఏడాది మందపాటి పట్టా కొని, వాడనప్పుడల్లా కొలను మీద పరచడం మొదలుపెట్టాం. ఆవిరి సగానికి పైగా తగ్గింది. ఇన్నేళ్లలో కొన్న వాటన్నింటిలో ఆ పట్టా అంత పనికొచ్చిన వస్తువు మరొకటి లేదు.

నీటి పరిమాణం ఒక ఎత్తు, దాని గుణం ఇంకో ఎత్తు. మా బోరు నీటిని పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 2.3 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి గరిష్ఠ పరిమితి 1.5. ఫ్లోరైడ్ హాని తాగితేనే గానీ ఒంటికి తగిలితే కాదు, కానీ ఈత నేర్చుకునే పిల్లలు నీళ్లు మింగకుండా ఉండరు. అందుకే "నోరు మూసుకుని ఈదండి" అన్నది మా ఇంట్లో గట్టి నియమం. ఇక సున్నం. నీరు ఆవిరవుతుంది, అందులోని సున్నం అక్కడే ఉండిపోతుంది. తగ్గినంత మేర మళ్లీ బోరు నీరు పోస్తే కొత్త సున్నం వచ్చి చేరుతుంది. ఏడాది తిరిగేసరికి నీలం పలకల మీద నీటి మట్టం పొడవునా తెల్లని పొర కట్టింది. మొదట్లో చవకగా దొరుకుతుందని బ్లీచింగ్ పౌడరు వాడాం. అందులోనూ ఉన్నది సున్నమే, అడుగున తెల్లని మడ్డి పేరుకుంది. తరువాత ద్రవరూపంలో ఉండే క్లోరిన్‌కు మారాం. ఎండకు దాని బలం తగ్గిపోతుంది కనుక నీడలో ఉంచి, కొంచెం కొంచెంగా తెచ్చుకుని, పొద్దు గుంకాక పోస్తాం. నాలుగో ఏడు డాబా మీది వాన నీటిని వడగట్టి కొలనులోకి వచ్చేలా గొట్టం వేయించాక సున్నం బాధ చాలావరకు తగ్గింది. ఆ పని కట్టేటప్పుడే చేయించాల్సింది.

రోజువారీ చాకిరీ గురించి ఎవరూ ముందు చెప్పరు. మా గోడ పక్కన ఒక వేపచెట్టు, పొరుగింట్లో ఒక చింతచెట్టు ఉన్నాయి. వేపాకు వలకు చిక్కుతుంది. చింతాకు మరీ చిన్నది కావడంతో వలలోంచి జారి ఫిల్టరుకు చేరుతుంది. తిరుపతి వెళ్లి ఐదు రోజులకు తిరిగి వస్తే, మధ్యలో ఒక వాన పడి, నీళ్లు పచ్చగా నాచుపట్టి ఉన్నాయి. వాటిని తేరుకునేలా చేయడానికి వారం పట్టింది. వానాకాలంలో కప్పలు వస్తాయి, వాటి వెంట పాములు వస్తాయి. దిగే ముందు టార్చి వేసి చూడనిదే ఎవరినీ దిగనివ్వను.

మూడో ఏడాది డిసెంబరులో నీరు రోజుకు అంగుళం చొప్పున తగ్గసాగింది. ఆవిరేనేమో అనుకుని రెండు వారాలు వృథా చేశాం. అప్పుడు ఒక మేస్త్రీ మంచి ఉపాయం చెప్పాడు: బకెట్‌లో కొలను నీళ్లే పోసి మెట్టు మీద పెట్టి, రెండింటి మట్టం దగ్గరా గీత గీసి, మరునాడు చూడమన్నాడు. రెండూ సమానంగా తగ్గితే ఆవిరి, కొలనులో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టు. మాది కారుతోంది. గొట్టం గోడలోకి చేరే చోట పగులు. బాగు చేయించడానికి 68 వేలు అయింది. కట్టిన సంస్థ హామీ గడువు అయిపోయిందని చెప్పి ఫోను ఎత్తడం మానేసింది.

కరెంటు, క్లోరిన్, వారానికి రెండుసార్లు శుభ్రం చేసే మనిషి జీతం కలిపి ఏటా 65 వేలు అవుతోంది. మొత్తం ఏడేళ్లకు పద్నాలుగున్నర లక్షలు దాటింది. పుస్తకంలో గీతలు 2,900. అంటే ఒక మనిషి ఒకసారి నీళ్లలో దిగినందుకు ఐదు వందల రూపాయలు. ఈ లెక్క చూసి మావారు చాలాసేపు మాట్లాడలేదు.

నేను మాత్రం ఆ గీతలు ఎవరివో చూశాను. మొదటి ఏడాది 640 గీతల్లో ముప్పావు వంతు పిల్లలవి. లాక్‌డౌన్ వచ్చిన 2020లో 810. ఆ తరువాత పెద్దవాడు బెంగళూరు, చిన్నవాడు హాస్టలు. నిరుడు 190 గీతలే, వాటిలో మావారివి, పిల్లలవి కలిపి ఇరవై. మిగిలినవన్నీ నావి, మా అత్తమ్మవి, మా వీధి ఆడవాళ్లవి.

నా చిన్నతనంలో మా ఊరి వ్యవసాయ బావిలో అన్నదమ్ములు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని దూకేవారు. నేను గడ్డమీద వాళ్ల బట్టలకు కాపలా కూర్చునేదాన్ని. ఆడపిల్లను దిగనిచ్చేవారు కాదు. నలభై రెండేళ్ల వయసులో, చుట్టూ ఎత్తైన ప్రహరీ ఉన్న ఈ కొలనులో, మా పెద్దవాడు నా చేయి పట్టుకుని నేర్పాడు. చేయి వదిలిన తరువాత కూడా నేను మునగలేదని తెలిసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. మోకాళ్ల నొప్పితో మంచం దిగడానికి బాధపడే మా అత్తమ్మ, నీళ్లలో శరీర భారం మోకాళ్ల మీద అంతగా పడకపోవడంతో, మూడున్నర అడుగుల లోతున గోడ పట్టుకుని అరగంట నడుస్తుంది. కొన్ని ఆదివారాలు పొరుగు నుంచి ఆరుగురు వస్తారు. వాళ్లలో నలుగురు ఈత నేర్చుకున్నారు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను: కొలను చుట్టూ కంచె, పిల్లల చేతికి అందని గడియ. మొదటి ఏడాది మాకు కంచె లేదు. పక్కింటి రెండేళ్ల పాప గట్టు మీద కూర్చుని నీళ్లలో చేయి ఆడిస్తుంటే చూశాను. మరునాడే ఇనుప కంచె వేయించాం.

వాడి పిల్లలకు పన్నెండు, పద్నాలుగేళ్లు. వాళ్ల కోసమే అయితే నాలుగైదేళ్ల ముచ్చట, వద్దన్నాను. మరదలు తాను నేర్చుకుంటానంటే, 16 అడుగుల పొడవు, నాలుగడుగుల లోతు చాలు, పట్టా, వాన నీటి గొట్టం, కంచె ముందే లెక్కలో వేసుకోమన్నాను. అంతకన్నా ముందు, మే నెల మూడో వారంలో వాడి బోరు వరుసగా మూడు రోజులు గంటకు ఎన్ని బిందెలు ఇస్తుందో కొలిచి, ఆ నీటిని పరీక్షకు ఇచ్చి, రెండు కాగితాలూ నాకు పంపమన్నాను. తవ్వకం పని జూన్‌కు వాయిదా వేశాడు. ఈలోగా మరదలు రెండు ఆదివారాలు ఇక్కడికి వచ్చి నీళ్లలో దిగింది.