ఎగిరే పళ్ళెం రాకెట్ కిట్: చాలాకాలం ఎగరేశాక రాస్తున్న సమీక్ష

మోడల్ రాకెట్ అంటే సన్నటి గొట్టం, పైన కోసుగా ముక్కు, కింద మూడో నాలుగో రెక్కలు. ఈ కిట్‌లో అవేవీ ఉండవు. గట్టి కార్డు కాగితంతో చుట్టిన రెండు చదునైన శంకువుల్ని అంచుకి అంచు అతికిస్తే 20 సెంటీమీటర్ల వెడల్పున ఎగిరే పళ్ళెం తయారవుతుంది. నడుమ 24 మిల్లీమీటర్ల మోటారు గొట్టం, అందులో 18 మిల్లీమీటర్ల మోటారు పెట్టుకోడానికి ఒక అడాప్టర్, లేచేటప్పుడు నిటారుగా దారి చూపే లాంచ్ రాడ్డు దూరడానికి ఒక సన్న గొట్టం. పారాచూట్ లేదు. నా దగ్గర మామూలు రాకెట్లు చాలానే ఉన్నా, మైదానానికి బయలుదేరేటప్పుడు సంచిలో ముందు పెట్టేది దీన్నే.

ఎందుకంటే దీని ప్రయాణం మొదలు నుంచి చివరిదాకా కళ్ళెదుటే జరుగుతుంది. సన్న రాకెట్‌లో సి6 మోటారు (సి దాని తరగతి, 6 న్యూటన్లలో సగటు తోపు) పెడితే రెప్పపాటులో పైకి పోయి చుక్కైపోతుంది. ఇక గాలి ఎటు ఈడ్చుకుపోతుందోనని టెన్షన్, ఆ తర్వాత పొదల్లో వెతుకులాట. అదే మోటారుతో ఈ పళ్ళెం దాదాపు 30 మీటర్ల ఎత్తుకి మాత్రమే లేస్తుంది. మోటారు మండుతున్నంతసేపూ మంటా పొగా స్పష్టంగా కనిపిస్తాయి. మంట ఆగగానే ఎవరో వెనక్కి లాగినట్టు టక్కున నిలిచిపోతుంది. నా లెక్క ప్రకారం మోటారు ఆరిపోయాక ఇది పైకి వెళ్లేది మూడు నాలుగు మీటర్లే. తర్వాత షటిల్ కాక్‌లా బరువున్న వైపుకి తిరగబడి, సెకనుకి ఐదారు మీటర్ల వేగంతో దిగుతుంది.

ఇదంతా గాలి నిరోధం పనే. రెండున్నర సెంటీమీటర్ల గొట్టం గాలికి ఎదురొడ్డే వైశాల్యం సుమారు 5 చదరపు సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల పళ్ళేనికి అది 314. పైగా వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందుకే పెద్ద మోటారు పెడితే ఎత్తు కూడా అంతే పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. మోటారు పేరులో అక్షరం ఒక మెట్టు పెరిగితే మొత్తం ఇంపల్స్ (తోపుని అది పనిచేసే సమయంతో గుణిస్తే వచ్చేది) పరిమితి రెట్టింపవుతుంది: సి తరగతికి 10 న్యూటన్ సెకన్లు, డి తరగతికి 20. డి12 పెట్టి చూస్తే శబ్దం, పొగ బాగా పెరుగుతాయి, ఎత్తు మాత్రం కాస్తే పెరుగుతుంది. నాకు బాగా నచ్చినది సి11. తక్కువ సమయంలో గట్టిగా తోస్తుంది కాబట్టి రాడ్డు మీద నుంచి ఖచ్చితంగా, నిటారుగా లేస్తుంది.

మోటారు పేరు చివర, గీత తర్వాత ఉండే అంకె గురించి కిట్‌తో వచ్చిన సూచనల కాగితంలో ఒక్క ముక్క లేదు. ఈ కిట్ మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే. ఇంధనం అయిపోయాక ఎజెక్షన్ చార్జ్ (మామూలు రాకెట్లలో పారాచూట్‌ని బయటికి నెట్టే చిన్న మందు) పేలడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఆ అంకె చెబుతుంది. సన్న రాకెట్ మంట ఆగాక కూడా చాలాసేపు పైకి పోతుంది, దానికి సి6-5 సరిపోతుంది. ఈ పళ్ళెం అప్పటికి దిగడం మొదలుపెట్టి నేలకి దగ్గరపడుతుంది. సి6-7 అయితే నేల మీద పడ్డాకే పేలుతుంది. కింద ఎండుగడ్డి ఉంటే అగ్గి అంటుకుంటుంది. కాబట్టి చివర 3 ఉన్న మోటార్లే వాడండి. అప్పుడు గాల్లో ఉండగానే చిన్న పొగమేఘం కనిపిస్తుంది, ఇక చేతికి తీసుకోవచ్చని తెలుస్తుంది.

కట్టడం చూడ్డానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ ఓపిక కావాలి. కార్డుని నేరుగా మడవకూడదు. బల్ల అంచు మీద మెల్లగా లాగుతూ ముందు వంపు తేవాలి, తర్వాత శంకువుగా చుట్టాలి. తెల్ల జిగురు ఎక్కువైతే కాగితం తడిని పీల్చి ముడతలు పడుతుంది, అతుకు దగ్గర ఒక గుబ్బ లేస్తుంది. వేలి కొసతో పలచగా రాసి, రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. మోటారు గొట్టం పళ్ళేనికి లంబంగా ఉందో లేదో మూలమట్టంతో అన్ని వైపులా చూడాలి. అది ఏమాత్రం వాలినా పళ్ళెం చుట్టలు తిరుగుతూ పోతుంది. మోటారు నాజిల్ (మంట బయటికొచ్చే మూతి) పళ్ళెం కింది అంచు దాటి కొంచెం బయటికి రావాలి. గొట్టంలో లోతుగా ఉండిపోతే తోపు తగ్గుతుంది, దీన్నే క్రుష్నిక్ ఎఫెక్ట్ అంటారు.

రంగు విషయంలో చెయ్యి బిగపట్టండి. ముఖ్యంగా కింది శంకువుకి దట్టంగా వేస్తే గురుత్వ కేంద్రం వెనక్కి జరిగి నిలకడ పోతుంది. ఇంత పొట్టి రాకెట్‌కి రాకెట్ ఎలా ఎగురుతుందో ముందే లెక్కకట్టే ఓపెన్‌రాకెట్ లాంటి కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో మామూలుగా లెక్క కడితే, వెనక ఏర్పడే నిరోధం వల్ల వచ్చే నిలకడ అందులో సరిగా కనిపించదు. అందుకే చాలామంది వెనక వైపు బరువులేని శంకువుని, వెడల్పుకి సుమారు 3.14 రెట్ల పొడవుతో, ఉత్తుత్తిగా జోడించి లెక్క వేస్తారు.

మన్నిక బాగుంది. తేలిగ్గా ఉండడం, మెల్లగా దిగడం వల్ల పగిలేదేమీ ఉండదు. అంచు మాత్రం నేలకి తగిలి తగిలి మెత్తబడుతుంది. అంచు చుట్టూ పలచటి సూపర్ గ్లూ పట్టిస్తే గట్టిపడుతుంది. పొద్దున్నే మంచు తడి గడ్డి మీద ఎక్కువసేపు వదిలేయకండి. కింది శంకువు మాడడం ఇంకో సమస్య. మంట లాంచ్ ప్యాడ్ రేకుకి తగిలి పైకి కొడుతుంది. రాడ్డుకి టేపు చుట్టి పళ్ళేన్ని రేకుకి ఒక జానెడు ఎత్తున నిలబెడితే ఆ మాడు చాలావరకు తగ్గుతుంది. ఇగ్నైటర్‌కి (మోటారుని అంటించే తీగకి) క్లిప్పులు తగిలించడం కూడా కష్టమే, పళ్ళెం కింద చెయ్యి దూర్చడానికి చోటుండదు.

గాలి బాగా వీస్తుంటే దీన్ని బయటికి తీయను. ఇంత వెడల్పాటి వస్తువుని గాలి ఇట్టే పక్కకి తోసేస్తుంది. ఎత్తు తక్కువే కదా అని చిన్న స్థలంలో ఎగరేయడం కూడా సరికాదు. అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమావళి మైదానం కొలతని మోటారుని బట్టి చెబుతుంది, సి మోటారుకి 120 మీటర్లు, డి మోటారుకి 150. అంటుకోకపోతే స్విచ్ సేఫ్టీ తాళం తీసేసి, నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్లాలి.

ఇది మొదటి కిట్‌గా కాకుండా, ఒకటి రెండు మామూలు రాకెట్లు కట్టిన చేతికి బాగుంటుంది. ఎంత ఎత్తుకి పోయిందన్నదే ముఖ్యం అనుకునేవాళ్ళకి నచ్చదు. పక్కన నిలబడి చూసే పిల్లలకి మాత్రం దీన్ని మించింది లేదు, ప్రతిసారీ మళ్లీ ఎగరేయమంటారు. కొనేటప్పుడు 24 మిల్లీమీటర్ల గొట్టం ఉన్న రకమే తీసుకోండి. అందులో అడాప్టర్‌తో 18 మిల్లీమీటర్ల మోటారు పడుతుంది, 18 గొట్టంలో సి11 పట్టదు.